కామెర్లకు అల్ట్రాసౌండా, సీటీ స్కానా?

మా కర్నూలు పల్లెల్లో కళ్లు పచ్చబడితే ముందు పసరు మందే. మా మేనమామ మూడు వారాలు అదే తాగాడు. గోకి గోకి చేతులు గీతలు పడ్డాయి, మలం సున్నంలా తెల్లబడింది. పిత్తం పేగులోకి దిగే పిత్తనాళం మూసుకుపోతే ఇలా అవుతుంది; క్లోమం (ప్యాంక్రియాస్) క్యాన్సర్ గడ్డ దాన్ని నొక్కినా అంతే.

అల్ట్రాసౌండ్ చవక. పిత్తనాళం ఉబ్బితే చూపిస్తుంది. కానీ క్లోమం కడుపు వెనకాల ఉంటుంది, గ్యాస్ అడ్డొస్తే కనబడదు. 'నార్మల్' అన్నారని ఊరుకోకూడదు. రంగు మందు ఎక్కించి తీసే సీటీ ఖరీదే. అయినా గడ్డ రక్తనాళాలను పట్టుకుందా, ఆపరేషన్ కుదురుతుందా అని తేల్చేది అదే.

క్లోమం క్యాన్సర్‌తో ఏటా లక్షకు అమెరికాలో సుమారు 11 మంది పోతుంటే మన దేశంలో ఒకరు. అక్కడ కూడా ఇది వచ్చిన 100 మందిలో 5 ఏళ్లు బతికేది 13 మందే. 50 దాటినవాళ్లకు కామెర్లు, కొత్త షుగర్, బరువు తగ్గడం కలిసొస్తే నేనైతే అప్పు చేసైనా సీటీ తీయిస్తాను.