ఒరాక్యులర్ స్పెక్టాక్యులర్: మూడు పాటల కీర్తి, పది పాటల ఆల్బమ్

అమెరికన్ సంగీత జంట ఎం.జి.ఎం.టి. తొలి ఆల్బమ్ 'ఒరాక్యులర్ స్పెక్టాక్యులర్' గురించి ఏ ఇద్దరు శ్రోతలు వాదించుకున్నా, వాళ్లు విన్నది ఒకే ఆల్బమేనా అన్న అనుమానం వస్తుంది. ఒకరి దృష్టిలో అది 'టైమ్ టు ప్రిటెండ్'తో మొదలై ఐదో పాట 'కిడ్స్'తో ముగిసిపోతుంది. ఆ తరువాత ఉన్నదంతా నిడివి కోసం చేర్చిన సరుకే. ఇంకొకరు ఆ ప్రసిద్ధ గీతాలతో విసిగిపోయి, అసలు సంగీతం ఆరో పాట దగ్గరే మొదలవుతుందని పట్టుబడతారు. ఈ ఆల్బమ్‌ను ఏళ్ల తరబడి, ఇయర్‌ఫోన్లలోనూ గదిలో స్పీకర్ల మీదా, వరుసగానూ వరుస తప్పించీ విన్న మీదట నాకు తోచిందేమిటంటే, ఈ తగవుకు మూలం పాటల మంచిచెడ్డల్లో కంటే అవి పుట్టిన కాలాల్లోనూ, వాటిని పేర్చిన వరుసలోనూ ఎక్కువగా ఉంది.

ఆండ్రూ వాన్‌విన్‌గార్డెన్, బెన్ గోల్డ్‌వాసర్ కనెక్టికట్ రాష్ట్రంలోని వెస్లియన్ విశ్వవిద్యాలయంలో చదువుకునే రోజుల్లో సరదాగా మొదలుపెట్టిన జట్టు ఇది. 'టైమ్ టు ప్రిటెండ్', 'కిడ్స్' ఆ దశకు చెందినవి. 2005లో వచ్చిన చిన్న రికార్డులోనే ఆ రెండూ ఉన్నాయి. కొలంబియా రికార్డు సంస్థతో ఒప్పందం కుదిరాక, ఫ్లేమింగ్ లిప్స్ బృందంతో ఎన్నో ఏళ్లు పనిచేసిన డేవ్ ఫ్రిడ్‌మన్ నిర్మాణంలో వాటిని మళ్లీ రికార్డు చేశారు. ఆల్బమ్ 2007 అక్టోబరులో డిజిటల్ రూపంలోనూ, 2008 జనవరిలో సీడీగానూ విడుదలైంది. అంటే జనం నోళ్లలో నానిన మూడు పాటల్లో రెండు, ఈ ఆల్బమ్ ఆలోచనే లేని రోజుల్లో తయారైనవన్నమాట. మిగతా ఆల్బమ్ కూడా వాటిలాగే ఉండాలని ఆశించడంలోనే చాలామంది నిరాశకు బీజం పడింది.

'టైమ్ టు ప్రిటెండ్'నే తీసుకుందాం. సింథసైజర్ అనే ఎలక్ట్రానిక్ వాయిద్యం (సింథ్) చేసే ఊగిసలాడే విచిత్రమైన శబ్దంతో మొదలై, ఎవరినైనా లేచి నిలబడేలా చేసే వరసలోకి దూకుతుంది. పాటలోని యువకులు పారిస్‌కు వెళ్తామని, మోడళ్లను పెళ్లాడతామని, మత్తులో మునిగి చిన్న వయసులోనే పోతామని ప్రకటిస్తారు. అయితే మధ్యలో ఒకచోట అదే గొంతు ఆటస్థలాలనూ, మట్టి తవ్వి వానపాములు తీసిన రోజులనూ, తల్లి ఒడినీ తలుచుకుంటుంది. వరసలోని హుషారు అక్కడ కూడా రవ్వంత తగ్గదు. కీర్తి మొహం కూడా చూడని ఇద్దరు విద్యార్థులు రాక్ తారల జీవితాన్ని ఎగతాళి చేస్తూ రాసుకున్న ఈ పాటే వాళ్లను నిజంగా తారలను చేసింది. దీన్ని వేడుక పాటగా విన్నవారికి ఆల్బమ్ రెండో సగం అన్యాయంగా తోస్తుంది. వ్యంగ్యంగా విన్నవారికి ఆ సగం సహజమైన కొనసాగింపు.

'కిడ్స్' విషయంలో ఇది మరీ స్పష్టం. పిల్లల అల్లరితో మొదలయ్యే ఆ పాటలోని ప్రధాన సింథ్ వరసను ఒక్కసారి వింటే ఎవరైనా మళ్లీ కూనిరాగం తీయగలరు. మాటలు మాత్రం ఆశను అదుపులో పెట్టుకోమని, అవసరమైనంతే తీసుకోమని హెచ్చరిస్తాయి. అప్పటి ఫ్రాన్స్ అధ్యక్షుడు సర్కోజీకి చెందిన యూఎంపీ పార్టీ 2009లో ఈ పాటను అనుమతి లేకుండా తమ సభలో వాడుకుంది. వివాదం పరిహారంతో ముగిసింది, ఆ సొమ్మును జట్టు కళాకారుల హక్కుల కోసం ఇచ్చేసింది. ఒక రాజకీయ పార్టీ కూడా మాటలు పట్టించుకోకుండా వరసను మాత్రమే ఎత్తుకుందంటే, సగటు శ్రోతను తప్పుపట్టడానికి ఏముంది?

ఇక ప్రసిద్ధమైన మూడో పాట 'ఎలక్ట్రిక్ ఫీల్' మీద ఎవరికీ పెద్దగా అభ్యంతరం ఉండదు. నాట్యగీతాలకు అలవాటైన నాలుగు దెబ్బల లెక్కకు బదులు ఇది ఆరు దెబ్బల లెక్కలో నడుస్తుంది. అయినా బేస్ గిటార్ ఎంత నిలకడగా లాక్కుపోతుందంటే లెక్క మారిన సంగతి పాదాలకు తెలియదు. ఫ్రెంచ్ ఎలక్ట్రానిక్ సంగీత జంట జస్టిస్ చేసిన దీని రీమిక్స్‌కు 2009లో గ్రామీ వచ్చింది.

రెండో సగాన్ని నేను పూర్తిగా వెనకేసుకు రాను. 'ఫోర్త్ డైమెన్షనల్ ట్రాన్సిషన్'లో డ్రమ్ముల పరుగు బాగుంటుంది కానీ, గొంతు ప్రతిధ్వనుల్లో మునిగిపోయి, ఎన్నిసార్లు విన్నా వరస మనసులో నిలవదు. 'కిడ్స్' ముగియగానే ఈ పాట రావడం ఆల్బమ్‌కు జరిగిన పెద్ద నష్టం. వదిలేసేవారు అత్యధికంగా వదిలేసేది ఇక్కడే. 'పీసెస్ ఆఫ్ వాట్' దాదాపు గిటారూ గొంతూ మాత్రమే మిగిలిన చిన్న పాట, ఆడంబరం లేనందువల్లే బాగుంటుంది. నా దృష్టిలో ఈ సగానికి ప్రాణం 'ఆఫ్ మూన్స్, బర్డ్స్ అండ్ మాన్‌స్టర్స్'. గిటార్ వరస గుండ్రంగా తిరుగుతూ ఉండగా గొంతులు ఒకదాని మీదొకటి చేరతాయి, చివరికి అవి తప్పుకుని వాయిద్యాలే సాగిపోతాయి. ఈ జంటకు ఇష్టమైన సంగీతం ఏమిటో ఆ చివరి భాగం చెప్పినంత సూటిగా ప్రసిద్ధ గీతాలేవీ చెప్పవు. 'ఫ్యూచర్ రిఫ్లెక్షన్స్' మాత్రం ముగింపు బరువు మోయగలిగిన పాట కాదు.

ధ్వని మీద వచ్చే ఫిర్యాదు సమంజసమైనదే. ఫ్రిడ్‌మన్ పద్ధతిలో డ్రమ్ములు కావాలనే పగిలినట్టు మోగుతాయి, అన్నీ ఒకేసారి గట్టిగా వినిపిస్తాయి. ఇయర్‌ఫోన్లలో వింటే సగం దాటేసరికి చెవులు అలసిపోతాయి. అదే గదిలో, మధ్యస్థమైన శబ్దంలో వింటే ఆ మోత చాలావరకు సర్దుకుంటుంది. నలభై నిమిషాల ఆల్బమే కనుక ఒక్క విడతలో వినడం కష్టమేమీ కాదు.

విమర్శకులు, పురస్కార సంస్థలు ఆల్బమ్‌ను ఉదారంగానే ఆదరించారు. బ్రిటన్‌కు చెందిన ఎన్ఎంఈ పత్రిక దీన్ని 2008లో ఆ ఏటి మేటి ఆల్బమ్‌గా ఎంచింది, 2010 గ్రామీల్లో ఉత్తమ నూతన కళాకారుల విభాగంలో జట్టుకు నామినేషన్ దక్కింది. అదే ఏడాది వచ్చిన రెండో ఆల్బమ్ 'కంగ్రాచ్యులేషన్స్'లో పన్నెండు నిమిషాలు దాటిన పాట ఉంది గానీ 'కిడ్స్' లాంటిది ఒక్కటీ లేదు. చాలామంది అభిమానులు ఉలిక్కిపడ్డారు. తొలి ఆల్బమ్‌ను పదో పాట దాకా విన్నవారికి అందులో ఆశ్చర్యపోవలసింది పెద్దగా కనిపించదు.

కొత్తగా వినాలనుకునేవారు రెండో పాట 'వీకెండ్ వార్స్'తో ప్రారంభిస్తే మంచిది. సాదా గిటార్ మీటుతో, బద్ధకంగా లాగే గొంతుతో మొదలై, సగానికి వచ్చేసరికి సింథసైజర్లూ పైస్థాయి స్వరాలూ కలిసి పైకి లేస్తుంది. ప్రసిద్ధ గీతాల ఉత్సాహం, రెండో సగంలోని కలవరం రెండూ ఇందులోనే పక్కపక్కన ఉన్నాయి. ఇది నచ్చితే ఆల్బమ్ మొత్తాన్ని కొనుక్కోవచ్చు. నచ్చకపోతే ఆ మూడు పాటలను విడిగా ఉంచుకుంటే చాలు.