విజయవాడ జంక్షన్: బండి మారేవాళ్ల వైపు నుంచి ఒక సమీక్ష

మా ఇల్లు ఖమ్మం, విజయవాడల మధ్య ఉన్న మధిరలో, ఉద్యోగం తణుకులో. కాబట్టి ఏళ్ల తరబడి విజయవాడలో దిగుతున్నా ఊళ్లోకి వెళ్లేది తక్కువ, అక్కడే ఇంకో బండి ఎక్కేస్తాను. ఈ స్టేషన్ గురించి రాసేవాళ్లు ఎక్కువగా శుభ్రత, వెయిటింగ్ హాలు, టిఫిన్లు చూసి మార్కులు వేస్తారు. అవీ ముఖ్యమే, కానీ ఈ స్టేషన్ అసలు పని మనుషుల్ని ఒక లైను నుంచి ఇంకో లైనులోకి మార్చడం. ఆ పని ఎలా చేస్తోందో చూసే దీన్ని అంచనా వేయాలి.

ఆ పని దానికి ఎలా వచ్చిందో తెలిస్తే సగం చిరాకు తగ్గుతుంది. నిజాం రైల్వే లైను వరంగల్, డోర్నకల్ మీదుగా 1889లో బెజవాడ చేరింది. ఇల్లెందు దగ్గర సింగరేణి బొగ్గు ఉండటం కూడా ఆ లైను ఇటు రావడానికి ఒక కారణం. 1893లో కృష్ణ మీద రైలు వంతెన వచ్చింది, ఆ దశాబ్దంలోనే అటు కటక్ వైపూ ఇటు మద్రాసు వైపూ లైన్లు కలిశాయి. 1929లో కాజీపేట, మహారాష్ట్రలోని బల్లార్షా మధ్య పని పూర్తయ్యాక ఢిల్లీ నుంచి మద్రాసు వెళ్లే బళ్లకి కూడా ఇదే దారి అయింది. హౌరా నుంచి వచ్చేవాళ్లూ ఢిల్లీ నుంచి వచ్చేవాళ్లూ చెన్నై పోవాలంటే ఇక్కడ కలవాల్సిందే, పైగా గుంటూరు లైనూ గుడివాడ లైనూ ఉన్నాయి. ఊరి పేరు ఎప్పుడో మారినా టికెట్ మీద స్టేషన్ కోడ్ ఇప్పటికీ బీజెడ్ఏ, అంటే బెజవాడే.

ఇన్ని లైన్లు వచ్చి పది ప్లాట్‌ఫారాల్లో సర్దుకోవాలి. బండి కృష్ణ దాటేసి, ఊరు కనపడుతుండగా ఆగిపోయిందంటే కారణం ఇదే. కాజీపేట వైపు నుంచి వచ్చినా అంతే, విజయవాడకి కాస్త ముందొచ్చే రాయనపాడు స్టేషన్ దాటాక బండి మెల్లగా పాకుతుంది. ఒకప్పుడు నాకు అక్కడ విపరీతమైన టెన్షన్ వచ్చేది, తణుకు బండి కళ్లముందే వెళ్లిపోతుందేమోనని. ఇప్పుడు రెండు బళ్లకీ మధ్య కనీసం గంటన్నర ఉండేలా చూసుకుంటాను, ఎవరడిగినా అదే చెబుతాను.

కొత్తవాళ్లు కంగారుపడే సంగతి ఇంకోటి ఉంది. కాజీపేట లైనూ ఏలూరు లైనూ రెండూ స్టేషన్‌కి ఒకే కొసన కలుస్తాయి. అందుకని హైదరాబాద్ నుంచి ఖమ్మం మీదుగా విశాఖ వెళ్లే బండి విజయవాడ వచ్చాక దిక్కు మార్చుకుని, వచ్చిన కొస నుంచే బయల్దేరుతుంది. 1974లో మొదలైన గోదావరి ఎక్స్‌ప్రెస్‌కి ఇక్కడ ఇంజను ఒక చివర విప్పి రెండో చివర తగిలిస్తారు. 2023 సంక్రాంతికి మొదలైన వందే భారత్‌కి రెండు చివరలా క్యాబిన్లు ఉంటాయి కాబట్టి ఇంజను మార్చే పని లేదు. బండి వెనక్కి పోతోందని బెంబేలెత్తి దిగబోయిన పెద్దవాళ్లని నేనే చాలాసార్లు ఆపాను. రాజమండ్రిలో మీవాళ్లు ఎక్కాల్సి ఉంటే కోచ్ ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పండి, ఎందుకంటే ఖమ్మంలో ముందున్న పెట్టె అక్కడికి వెనక్కి వెళ్లిపోతుంది.

రెండూ రిజర్వేషన్ బళ్లయితే రెండు పీఎన్ఆర్‌లూ లింక్ చేసి బుక్ చేసుకోవాలి. 2019 నుంచి ఈ వీలుంది, చాలామందికి తెలియదు. మొదటి బండి ఆలస్యమై రెండోది తప్పిపోతే ఆ రెండో టికెట్ డబ్బు వెనక్కి అడగొచ్చు, కాకపోతే దిగిన మూడు గంటల్లోపే ఆ పని చూసుకోవాలి.

ప్లాట్‌ఫారాల మధ్య నడక మాత్రం నిజంగానే కష్టం. ఎస్కలేటర్లున్నాయి కానీ ఈ చివరి నుంచి ఆ చివరికి, సామానుతో, ముసలివాళ్లని పట్టుకుని వెళ్లాలంటే పావుగంట చేతిలో ఉంచుకోవాలి. దసరా రోజుల్లో, భవానీ దీక్షల విరమణప్పుడు ఎర్రబట్టల భక్తులతో ఫుట్ బ్రిడ్జి మీద అడుగు పడదు, అప్పుడు ఆ పావుగంట కూడా చాలదు. తిండికి కొరతేమీ లేదు, తెల్లవారుజామున కూడా వేడి ఇడ్లీ దొరుకుతుంది.

ఈ స్టేషన్ విలువ నాకు బాగా అర్థమైంది మాత్రం 2024 సెప్టెంబరు మొదట్లో, వానలకి కాజీపేట లైనులోని కేసముద్రం దగ్గర పట్టాల కింద కంకర కొట్టుకుపోయినప్పుడు. ఉత్తరం వైపు దారి మూసుకుపోయింది, రాయనపాడులో ఆగిపోయిన బళ్లలోంచి జనాన్ని బస్సుల్లో విజయవాడకి చేర్చారు. ఎక్కడో తెగిన పట్టా వల్ల ఢిల్లీ దాకా బళ్లు రద్దయ్యాయి, దారి మళ్లాయి. మా మధిర వాళ్లకి ఆ రోజుల్లో విజయవాడ వెళ్లడమే గగనమైంది.

మార్కులంటే పదికి ఎనిమిది వేస్తాను. ఆ రెండు తగ్గించింది నడక వల్లే. చివరి ప్లాట్‌ఫారం దాకా పెద్దవాళ్లని తీసుకెళ్లే బ్యాటరీ బండ్లు రోజంతా, అన్ని ప్లాట్‌ఫారాలకీ తిరిగితే ఆ రెండూ కలిపేస్తాను.