2.5 టన్నుల రఫ్ టెరైన్ ఫోర్క్‌లిఫ్ట్: 6,000 గంటలు నడిపాక

గుంతలు, బురద ఉన్న సైట్లలో ఈ బండి వెళ్లలేని చోటు తక్కువ. చిక్కంతా అక్కడే. వెళ్లగలిగినంత మాత్రాన అక్కడ లోడు ఎత్తగలదని కాదు.

వెనక యాక్సిల్ మధ్యలో పిన్ను మీద ఊగుతుంది. ఒక చక్రం గుంతలో దిగినా నాలుగూ నేలను పట్టుకునే ఉంటాయి. కానీ అది ఊగినంత మేరా బండికి వెనక నుంచి పక్క ఆసరా ఉండదు. చూడ్డానికి నాలుగు చక్రాలైనా లెక్కకు మూడు కాళ్ల పీటే. ముందు చక్రాల మధ్య 1.5 మీటర్లు ఉండి, ఒకవైపు 5 సెంటీమీటర్లు కుంగిందనుకోండి, 3 మీటర్ల ఎత్తులో ఉన్న ప్యాలెట్ 10 సెంటీమీటర్లు పక్కకు జరుగుతుంది. ఒక టైరులో గాలి తగ్గినా ఇంతే, అందుకే పొద్దున్నే గేజి పెట్టి చూడాలి. తవ్వి పూడ్చిన కాలువ మీద మాత్రం అస్సలు ఎత్తొద్దు. పైకి గట్టిగానే కనిపిస్తుంది, బరువు పడగానే దిగుతుంది.

స్ప్రింగులు లేని బండి కాబట్టి ప్రతి కుదుపూ నేరుగా లోడుకు తగులుతుంది. నడిపేటప్పుడు ఫోర్కులు (సరుకును మోసే ముందు కొమ్ములు) నేలకు 30 సెంటీమీటర్ల లోపే ఉంచి, మాస్ట్ (ఫోర్కులు పైకీ కిందికీ కదిలే నిలువు చట్రం) వెనక్కి వంచాలి. వాలులో లోడు ఎప్పుడూ ఎగువకే: ఎక్కితే ముందుకు, దిగితే రివర్సులో. ఖాళీ బండికైతే ఫోర్కులు దిగువకు. వాలు మీద మలుపు వద్దు.

డిఫ్ లాక్ (యాక్సిల్ మీది రెండు చక్రాలనూ ఒకే వేగంతో తిప్పే ఏర్పాటు) బ్రహ్మాండం. కాకపోతే కూరుకుపోయాక వేసి లాభం లేదు, బురదకు ముందే నిదానంగా, తిన్నగా వెళ్తూ వేయాలి. వేసి మలుపు తిప్పితే యాక్సిల్‌కే దెబ్బ.

సామర్థ్యం ప్లేటు మీది 2,500 కిలోలు లోడు సెంటర్ (ఫోర్కు నిలువు ముఖం నుంచి సరుకు బరువు మధ్య బిందువు దాకా దూరం) 500 మిల్లీమీటర్లు ఉన్నప్పటి మాట. ముందు యాక్సిల్ నుంచి ఫోర్కు ముఖం దాకా ఇంకో 500 ఉంటే, సెంటర్ 700కు జరిగిన వెడల్పు సరుకు 2,080 కిలోలు దాటకూడదు. అటాచ్‌మెంట్ (ముందు తగిలించే అదనపు పరికరం) తగిలిస్తే ఇంకా తగ్గుతుంది.

నచ్చనిది రేడియేటర్. దుమ్ముకు ఊరికే పూడుకుపోతుంది. ఫ్యాన్ గాలికి ఎదురు దిశలో ఊదాలి, లేకపోతే దుమ్ము ఇంకా లోపలికి దిగుతుంది. ఫోర్కు వంపు దగ్గర మందం పదో వంతు అరిగితే సత్తువ ఐదో వంతు పోయినట్టే, మార్చేయడమే.

సీటు బెల్టు బకిల్ మట్టి పట్టి బిగుసుకుంటుంది, దాంతో ఆపరేటర్లు బెల్టు మానేస్తారు. వారానికోసారి శుభ్రం చేయించండి. బండి ఒరిగితే దూకకూడదు. స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, కాళ్లు బిగించి, పడే వైపుకు కాకుండా అవతలి వైపుకు వాలాలి. దూకినవాడి మీదే పై గార్డు (ఆపరేటర్ తల మీది రక్షణ చట్రం) పడుతుంది.