రెండు అట్టడుగు సీజన్లు, రెండు దారులు

ఐపీఎల్‌లో హైదరాబాద్ తరఫున ఆడిన జట్లు చివరి స్థానాన నిలిచిన సీజన్లలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాలనిపిస్తుంది: 2008లో దక్కన్ ఛార్జర్స్, 2021లో సన్‌రైజర్స్.

అంకెల్లో పెద్ద తేడా లేదు. ఛార్జర్స్ 14 మ్యాచుల్లో రెండు గెలిచింది, సన్‌రైజర్స్ మూడు. ఉప్పల్‌లో ఒక్క విజయమూ చూడని 2008 అభిమానుల బాధే పెద్దదనిపించవచ్చు. నాకు మాత్రం 2021 గాయమే లోతైనది.

2008లో లక్ష్మణ్ గాయపడటంతో గిల్‌క్రిస్ట్ చేతికి పగ్గాలు వచ్చాయి. ఓటములు ఆగలేదు. అయినా యాజమాన్యం మరుసటి ఏడాదికి అతడినే నమ్ముకుంది. రోహిత్ శర్మ వంటి కుర్రాళ్లను వదులుకోలేదు. 2009లో దక్షిణాఫ్రికాలో ఆర్పీ సింగ్ 23 వికెట్లు తీశాడు, జొహానెస్‌బర్గ్ ఫైనల్లో బెంగళూరును ఆరు పరుగుల తేడాతో ఓడించి కప్పు తెచ్చారు.

2021లో ఆ ఓపిక లేదు. ఆరు మ్యాచుల్లో ఒకే గెలుపు రాగానే వార్నర్‌ను సారథ్యం నుంచి దించి, తర్వాతి మ్యాచ్‌లో తుది జట్టులోంచే తప్పించారు. అతడి పరుగులు తగ్గిన మాట నిజమే. కానీ 2016లో 848 పరుగులు చేసి టైటిల్ గెలిపించిన ఆటగాడికి దక్కాల్సిన గౌరవం అదేనా? విలియమ్సన్ వంటి నెమ్మదస్తుడికి సగంలో భారం అప్పగించడమూ అన్యాయమే. 2022లో జట్టు ఎనిమిదో స్థానం దాటలేదు.

సారథిని మార్చాలంటే సీజన్ ముగిశాక మార్చాలి. 2008 దారికే నా ఓటు.