ఫోర్డ్: బండికి ఎక్కువ మార్కులు, కంపెనీకి తక్కువ

మేముండేది మిషిగన్‌లోని కాంటన్‌లో. డియర్‌బోర్న్‌లో ఉన్న ఫోర్డ్ హెడ్డాఫీసు ఇక్కడికి అరగంట దూరం. ఫోర్డ్‌లోనో, ఫోర్డ్‌కి కాంట్రాక్టు మీదో పనిచేసే తెలుగువాళ్ళు ఈ చుట్టుపక్కల వీధికొకరైనా తగులుతారు. అయినా ఆదివారం గుడి దగ్గర పార్కింగ్ చూడండి, వరసగా టొయోటాలు, హోండాలు, మధ్యమధ్యలో టెస్లాలు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్న మాట ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. ఇండియా నుంచి కొత్తగా దిగిన కుర్రాడికి మొదటి వారంలోనే ఎవరో ఒక అన్న చెప్పేస్తాడు, "క్యామ్రీయో కరోలాయో తీసుకో తమ్ముడూ, టెన్షన్ ఉండదు" అని. నేను మాత్రం ఫోర్డే కొన్నా. 2018 ఫ్యూజన్ హైబ్రిడ్, సెకండ్ హ్యాండ్‌లో. అదెలా ఉందని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు కాబట్టి అందరికీ కలిపి ఒకేసారి రాస్తున్నా. కాకపోతే ఒక్క బండి గురించి చెప్పి ఊరుకుంటే సగమే చెప్పినట్టవుతుంది, ఈ కంపెనీ బండిని బాగా చేస్తుంది గానీ చేసిన బండి వెనక నిలబడటంలోనే దానికి నూట ఇరవై ఏళ్ళుగా నిలకడ లేదు.

ముందు బండి. స్టీరింగ్ పట్టుకోగానే తెలిసిపోతుంది ఫోర్డ్ అని. ఇదే సైజు జపాన్ బండ్లు కొన్నిటిలో స్టీరింగ్ వీడియో గేమ్‌లాగా తేలిపోతుంది, ఇందులో రోడ్డు చేతికి తెలుస్తుంది. మిషిగన్ రోడ్ల సంగతి తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు, చలికాలం పోయేసరికి ఐ-96 హైవే మీద గుంతలు తప్పించుకోవడమే ఒక పని, అలాంటి రోడ్డు మీద కూడా లోపల గడగడ లేకుండా దడదడ లేకుండా పోతుంది. 2 లీటర్ల పెట్రోల్ ఇంజనూ ఎలక్ట్రిక్ మోటారూ కలిసి నడుస్తాయి, ప్రభుత్వం వాళ్ళ లెక్క గ్యాలన్‌కి 42 మైళ్ళు, అంటే లీటరుకి దాదాపు 18 కిలోమీటర్లు. ఎండాకాలంలో నాకు దానికి దగ్గరగానే వస్తోంది. చలి ముదిరితే తగ్గుతుంది, అది ఏ హైబ్రిడ్‌కైనా అంతే.

ఇందులో నాకు బాగా నచ్చింది చాలా చిన్న విషయం. బండి ఆపిన ప్రతిసారీ మీటర్ పక్కన ఒక మార్కు పడుతుంది, ఆ బ్రేకులో పోవాల్సిన శక్తిలో ఎంత శాతం బ్యాటరీలోకి తిరిగి వెళ్ళిందో చెప్తుంది. సిగ్నల్ కనిపించగానే దూరం నుంచే మెల్లగా కాలు ఆనిస్తే వందకి వంద, ఆఖర్లో గట్టిగా తొక్కితే అరవైయో డెబ్భైయో. మా ఆవిడ ఇప్పుడు నా కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంటోంది, పిల్లలు వెనక కూర్చుని "అమ్మకి హండ్రెడ్" అని అరుస్తుంటారు. ఇక డిక్కీ. హైబ్రిడ్ బ్యాటరీని వెనక సీటుకి ఆనించి డిక్కీలోనే పెట్టారు, అందుకని అక్కడ మెట్టులాగా ఎత్తు ఉంటుంది. ఎయిర్‌పోర్టుకి వెళ్ళి అత్తామామల్ని తీసుకురావాలంటే నాలుగు 23 కిలోల పెట్టెలు ఇందులో పట్టవు, ఆవకాయ డబ్బాలున్న పెట్టె ఎవరో ఒకరి ఒళ్ళోకే రావాలి. కొనేముందు మీ పెట్టెలు పట్టుకెళ్ళి పెట్టి చూసుకోండి, సిగ్గుపడకండి.

ఇదే షోరూములో పదేళ్ళ కిందట పక్క బండి కొన్నవాళ్ళ కథ వేరు. 2012 నుంచి 2016 దాకా వచ్చిన ఫోకస్, 2011 నుంచి 2016 దాకా వచ్చిన ఫియెస్టా, ఈ రెండిట్లో ఆటోమేటిక్ తీసుకున్నవాళ్ళకి పవర్‌షిఫ్ట్ అనే గేర్‌బాక్స్ వచ్చింది. పేరుకి ఆటోమేటిక్, లోపల ఉన్నది మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, దానికి రెండు క్లచ్‌లు పెట్టి కంప్యూటర్‌తో నడిపించారు. మైలేజీ కోసం ఆ క్లచ్‌లని ఆయిల్‌లో ముంచకుండా పొడిగా వదిలేశారు. హైవే మీద బాగానే ఉంటుంది, ట్రాఫిక్‌లో నత్తనడకన పాకుతున్నప్పుడు మాత్రం క్లచ్ జారి జారి బండి మొత్తం వణుకుతుంది, ఒక్కోసారి యాక్సిలరేటర్ తొక్కినా ఒక క్షణం కదలదు. వెనక ట్రక్కు వస్తుండగా ఎడమకి తిరగబోయేటప్పుడు ఆ ఒక్క క్షణం ఎంత పొడుగ్గా ఉంటుందో ఊహించుకోండి. ఓనర్లు డీలర్ల దగ్గరికి మళ్ళీ మళ్ళీ తిరిగారు. 2014లో ఫోర్డ్ క్లచ్ వారంటీని 7 ఏళ్ళకో లక్ష మైళ్ళకో పొడిగించింది, ఆ తర్వాత కోర్టు కేసులు, చివరికి 2020లో అమెరికాలో సెటిల్‌మెంట్‌కి కోర్టు ఒప్పుకుంది. ఆస్ట్రేలియాలో అయితే 2018లోనే, ఫిర్యాదులతో వచ్చిన కస్టమర్లతో వ్యవహరించిన తీరుకి కోటి ఆస్ట్రేలియా డాలర్ల జరిమానా పడింది. ఈ లోపం సంగతి కంపెనీకి అమ్మకాలు మొదలవకముందే తెలుసని 2019లో డెట్రాయిట్ ఫ్రీ ప్రెస్ పత్రిక లోపలి కాగితాలు చూపించి మరీ రాసింది. నా హైబ్రిడ్‌లో ఆ గేర్‌బాక్స్ లేదు, వేరే రకం. నేను ధైర్యంగా కొన్నది కూడా అందుకే.

ఈ నిలకడలేనితనానికి మూలం చూడాలంటే పాత కథలోకి వెళ్ళాలి. హెన్రీ ఫోర్డ్ 1903లో ఈ కంపెనీ పెట్టేటప్పటికే అంతకుముందు రెండు ప్రయత్నాలు బెడిసికొట్టాయి, అందులో రెండోది ఆయన బయటికొచ్చాక క్యాడిలాక్ అయ్యింది. 1908లో మోడల్ టి వచ్చింది, 850 డాలర్లు. 1913లో హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైన్ పెట్టాక, 12 గంటలు పట్టే బండి బిగింపు గంటన్నరకి దిగింది, ధర కూడా ఏటేటా తగ్గుతూ 1920ల్లో 300 డాలర్ల లోపుకొచ్చింది. అలా ఒకటిన్నర కోట్ల బండ్లు. డియర్‌బోర్న్‌లో గ్రీన్‌ఫీల్డ్ విలేజ్ అని ఉంది, ఇండియా నుంచి వచ్చిన చుట్టాలకి నయాగరా ఒక్కటే కాదు ఇది కూడా చూపించండి, అక్కడ నిజం మోడల్ టిలో ఎక్కించి తిప్పుతారు. మూడు పెడల్స్ ఉంటాయి గానీ ఏదీ మనం అనుకున్నది కాదు. ఎడమది గేరు, మధ్యది రివర్సు, కుడిది బ్రేకు. యాక్సిలరేటర్ స్టీరింగ్ కింద చేతి మీటలాగా ఉంటుంది. ఆ డ్రైవర్ చేతులూ కాళ్ళూ చూస్తూ కూర్చుంటే చుట్టూ ఉన్న ఊరే కనిపించదు.

1914లో కూలీలకి రోజుకి 5 డాలర్లు ఇస్తానన్నది ఆయనే, అప్పటి జీతానికి అది రెట్టింపు. సొంత పత్రికలో యూదుల మీద విషం కక్కిందీ ఆయనే, 1937లో డియర్‌బోర్న్‌లోని తన రూజ్ ఫ్యాక్టరీ బయట యూనియన్ నాయకుల్ని చితకబాదిందీ ఆయన మనుషులే. మోడల్ టి మీద మొండిపట్టుతో 19 ఏళ్ళు కూర్చుని, పోటీగా షెవర్లే బండ్లు ముంచుకొచ్చాక 1927లో ఫ్యాక్టరీలు నెలల తరబడి మూసేసి కొత్త మోడల్‌కి మారాల్సి వచ్చింది. ఇక అక్కడి నుంచి ఈ కంపెనీ చరిత్రంతా ఒక పెద్ద హిట్టు, ఒక పెద్ద ఫ్లాపు. 1957లో ఎడ్సెల్ అనే బండిని ఊదరగొట్టి దించితే రెండేళ్ళకే మూతపడింది. 1964 ఏప్రిల్‌లో న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో మస్టాంగ్ దించితే మొదటి రోజే 22 వేల ఆర్డర్లు. 1971 మోడల్‌గా వచ్చిన పింటో, వెనకనుంచి గుద్దితే పెట్రోల్ ట్యాంకు చిల్లులు పడి మంటలు లేస్తాయని తేలి 1978లో 15 లక్షల బండ్లు వెనక్కి పిలిచారు. పింటోకి, పవర్‌షిఫ్ట్‌కి మధ్య నలభై ఏళ్ళున్నాయి, రెండూ చేతులు కాలాక ఆకులు పట్టుకున్న కథలే.

న్యాయంగా చెప్పాలంటే ఒక విషయంలో మాత్రం ఫోర్డ్‌కి చెయ్యెత్తి నమస్కారం పెట్టాలి. 2006లో బోయింగ్ నుంచి వచ్చి కంపెనీ పగ్గాలు పట్టిన అలన్ ములాలీ, ఫ్యాక్టరీలతో పాటు ఆ నీలం గుడ్డు లోగోని కూడా తాకట్టు పెట్టి 2,300 కోట్ల డాలర్లకు పైగా అప్పు తెచ్చాడు. నవ్వినవాళ్ళు నవ్వారు. 2009లో పోటీ కంపెనీలు జీఎం, క్రైస్లర్ రెండూ దివాలా తీసి ప్రభుత్వం సొమ్ముతో లేచాయి, ఫోర్డ్ ఆ గడప తొక్కలేదు. ఇక్కడి ముసలాళ్ళు ఇప్పటికీ ఫోర్డ్ ట్రక్కు కొనడానికి ఇదే కారణం చెప్తారు. డబ్బు కోసం అమ్ముకున్నవాటిలో జాగ్వార్ ల్యాండ్‌రోవర్ ఒకటి, 2008లో టాటాలకి 230 కోట్ల డాలర్లకి. అంతకు తొమ్మిదేళ్ళ ముందు టాటా కార్ల వ్యాపారం అమ్ముదామని డెట్రాయిట్ వచ్చిన రతన్ టాటా బృందానికి ఇక్కడ చిన్నచూపే ఎదురైందని ఆ బృందంలో ఉన్నాయనే తర్వాత చెప్పారు. ఓడలు బండ్లవడమంటే ఇదే, గుజరాత్‌లోని సానంద్‌లో ఫోర్డ్ కట్టిన ఫ్యాక్టరీ కూడా 2023లో టాటాల చేతికే వచ్చింది.

ఇండియాలో ఫోర్డ్ కథ మన ఇళ్ళలో చాలామందికి తెలిసిందే. 1926లో ఒకసారి వచ్చి 1950ల్లో వెళ్ళిపోయింది, 1995లో మహీంద్రాతో కలిసి మళ్ళీ వచ్చింది, చెన్నై పక్కన మరైమలై నగర్‌లో ఫ్యాక్టరీ. ఐకాన్, ఫిగో, ఎకోస్పోర్ట్, ఎండీవర్. మా బావమరిది విజయవాడలో ఎకోస్పోర్ట్ డీజిల్ నడుపుతాడు. హైదరాబాద్ హైవే మీద వంద దాటినా బండి నేలకి అతుక్కుని పోతుందని, తలుపు వేస్తే వచ్చే ఆ బరువైన శబ్దం ఇప్పటి కొత్త బండ్లలో రావట్లేదని ఫోన్ చేసినప్పుడల్లా చెప్తాడు. "బావా, కొత్తది దొరికితే ఇంకోటి ఇప్పుడే కొంటా" అంటాడు. దొరకదు. 2021 సెప్టెంబరు 9న ఇండియాలో తయారీ ఆపేస్తున్నామన్నారు, పదేళ్ళలో 200 కోట్ల డాలర్లకు పైగా నష్టం అన్నారు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఒకటుంది, అమెరికాలో అమ్మిన ఎకోస్పోర్ట్‌లు కూడా చెన్నై నుంచి ఓడెక్కి వచ్చినవే, ఆ ఫ్యాక్టరీ ఆగిపోగానే ఇక్కడ కూడా ఆ మోడల్ పోయింది. ఇప్పుడు చెన్నైలో మళ్ళీ తెరుస్తున్నారు గానీ అది ఎగుమతి చేసే ఇంజన్ల కోసం, మనకి బండ్లు అమ్మడానికి కాదు. వీళ్ళు ఇండియాని వదిలేశారని బాధపడేవాళ్ళకి ఒక మాట, సొంత దేశంలోనూ చేసింది అదే. మస్టాంగ్ తప్ప మామూలు కార్లన్నీ ఆపేస్తామని 2018లోనే చెప్పారు, నేను నడిపే ఫ్యూజన్ 2020లో ఆగిపోయింది. లాభం ట్రక్కుల్లో ఉంది, 1977 నుంచి అమెరికాలో ఎక్కువ అమ్ముడయ్యే పికప్ ట్రక్కు వీళ్ళదే, అటే పోతారు.

ఇప్పుడు రీకాల్స్, అంటే లోపం సరిచేయడానికి అమ్మిన బండ్లని కంపెనీ వెనక్కి పిలవడం. 2014లో జీఎం ఒక్క ఏడాదిలో 77 రీకాల్స్ చేసి రికార్డు పెడితే, 2025లో ఫోర్డ్ సగం ఏడాదిలోనే దాన్ని దాటేసింది. వెనక కెమెరాల రీకాల్‌లో ఆలస్యం చేసినందుకు 2024లో 16.5 కోట్ల డాలర్ల జరిమానాకి ఒప్పుకుంది. ముందే వెతికి సరిచేస్తున్నాం అందుకే అంకె పెరిగింది అని కంపెనీ అంటోంది. కొంత నిజం ఉండొచ్చు, మొత్తం నిజమని నేననుకోను.

మరి కొనొచ్చా అంటే, ఇక్కడున్నవాళ్ళు హైబ్రిడ్ అయితే కొనండి. ఫ్యూజన్ హైబ్రిడ్ సెకండ్స్‌లో ఇంకా దొరుకుతోంది, దాన్ని చేసిన మెక్సికో ఫ్యాక్టరీలోనే ఇప్పుడు మావెరిక్ అనే బుల్లి ట్రక్కు చేస్తున్నారు, దాంట్లోనూ హైబ్రిడ్ ఉంది, ఇల్లు కొన్నవాళ్ళకి మట్టి, మొక్కలు, ఫర్నిచర్ మోయడానికి అంతకంటే పనికొచ్చే బండి ఈ ధరలో నాకు కనపడలేదు. 2012-16 ఆటోమేటిక్ ఫోకస్ ఎంత చవగ్గా వస్తున్నా వద్దు, చదువుకోడానికి వచ్చిన పిల్లలు ముఖ్యంగా. 1.5 లీటర్ల ఎకోబూస్ట్ (ఫోర్డ్ వాళ్ళ టర్బో) ఇంజన్ ఉన్న 2017-19 ఎస్కేప్, ఫ్యూజన్‌లలో కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరిచే ద్రవం) ఇంజన్ లోపలికి దిగుతుందన్న ఫిర్యాదులు చాలా ఉన్నాయి, కూలెంట్ మట్టం చూడకుండా తీసుకోకండి. 1 లీటరు ఎకోస్పోర్ట్ అయితే ఆయిల్ పంప్ రీకాల్ 2023 డిసెంబరులో వచ్చింది, ఆ పని అయిందో లేదో అడగండి. ఇండియాలో సెకండ్స్‌లో ఎకోస్పోర్ట్ చూస్తున్నవాళ్ళు 1.5 డీజిల్ మాన్యువల్ తీసుకోండి, 2017 చివర్లో వచ్చిన కొత్త మోడల్ కంటే ముందుది ఆటోమేటిక్ అయితే అందులో ఉన్నది పైన చెప్పిన రెండు క్లచ్‌ల గేర్‌బాక్సే. చాలావాటిలో స్టెపినీ టైరు వెనక తలుపుకే ఉంటుంది, ఆ తలుపు పక్కకి తెరుచుకుంటుంది, అపార్ట్‌మెంట్‌లో వెనక గోడకి ఆనించి పెట్టేవాళ్ళు అది కూడా చూసుకోవాలి. మీ ఊళ్ళో ఫోర్డ్ సర్వీసు ఇంకా నడుస్తోందో లేదో ముందు వెళ్ళి చూసి రండి, ఫోన్‌లో అడిగితే అందరూ ఉందనే చెప్తారు. అమెరికాలో అయితే డబ్బు కట్టే ముందు, ముందు అద్దం కింద మూలన కనిపించే 17 అక్షరాల విన్ నంబర్‌ని (ఒక్కో బండికి ఒక్కో గుర్తింపు నంబరు) ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ అనే ప్రభుత్వ రోడ్డు భద్రతా సంస్థ సైట్‌లో కొట్టండి, పెండింగ్ రీకాల్స్ ఉంటే అక్కడే తెలుస్తుంది, డీలర్ దగ్గర అవి ఉచితంగానే చేస్తారు, అవన్నీ చేయించి ఇస్తేనే బండి తీసుకుంటానని అమ్మేవాడికి ముందే చెప్పండి.