గ్రాంటా, అప్పా, గ్యారంటీయా? స్వచ్ఛంద సంస్థ భవనానికి ఏది మేలు

స్వచ్ఛంద సంస్థ సొంత భవనం కట్టుకుంటానంటే బ్యాంకు ముందుగా వెనకాడేది ఆదాయం చూసే. విరాళాలు ఒక ఏడాది వస్తాయి, మరుసటి ఏడాది రావు. తాకట్టు పెట్టడానికి ఆస్తి కూడా పెద్దగా ఉండదు. అందుకే స్థానిక ప్రభుత్వం దగ్గరికి వెళ్తారు. అది గ్రాంటు ఇవ్వొచ్చు, తానే తక్కువ వడ్డీకి అప్పివ్వొచ్చు, లేదా బ్యాంకు అప్పుకు గ్యారంటీ ఉండొచ్చు.

సంస్థకైతే గ్రాంటే మేలు, ఇందులో వాదన లేదు. కానీ ఇచ్చిన డబ్బు తిరిగి రాదు కాబట్టి ఆ నిధి ఒక్క సంస్థతోనే ఖర్చయిపోతుంది. అప్పుగా ఇస్తే వాయిదాలు తిరిగొచ్చేకొద్దీ ఇంకొకరికి ఇవ్వొచ్చు. అధికారులకు అప్పు నచ్చేది ఇందుకే.

సంస్థ వైపు నుంచి లెక్క వేరు. 20 ఏళ్లలో ఏటా సమాన వాయిదాలతో తీర్చాలనుకుందాం. ప్రతి 100 అప్పుకు 8 శాతం వడ్డీ అయితే ఏటా దాదాపు 10.2 కట్టాలి. 3 శాతం అయితే 6.7 సరిపోతుంది. తేడా చిన్నదేమీ కాదు. అయినా ఆ 6.7 ఎక్కడి నుంచి వస్తుంది? పిల్లల సంరక్షణ కేంద్రానికి ఫీజులొస్తాయి, హాస్టలుకు అద్దెలొస్తాయి. నిరాశ్రయుల వసతి గృహానికి ఏమొస్తుంది? అక్కడ వాయిదా కట్టేది భోజనాల డబ్బుతో, సిబ్బంది జీతాలతో. భవనం తనంతట తాను సంపాదించలేనప్పుడు చౌక వడ్డీ కూడా భారమే.

దీనికంటే పెద్ద చిక్కు వసూలు దగ్గర వస్తుంది. వృద్ధాశ్రమం వాయిదాలు ఎగ్గొడితే ఏ కౌన్సిల్ తాళం వేయిస్తుంది? వేయించదు. గడువు పెంచుతుంది, మళ్లీ పెంచుతుంది, చివరికి రద్దు చేస్తుంది. వసూలు చేసే ధైర్యం లేని అప్పు పద్దులో మాత్రమే అప్పు. అలాంటి చోట మొదటే గ్రాంటు అని రాసుకోవడం నిజాయితీ.

అప్పే ఇస్తే డబ్బు విడుదల మీద కన్నుండాలి. ఇంగ్లండులో నార్తాంప్టన్ బరో కౌన్సిల్ 2013లో ఊరి ఫుట్‌బాల్ క్లబ్బు స్టేడియం పనులకు అప్పు ఇవ్వడం మొదలుపెట్టింది. మొత్తం 1.025 కోట్ల పౌండ్లు వెళ్లాయి, ప్రేక్షకులు కూర్చునే స్టాండు మాత్రం సగంలో ఆగిపోయింది. డబ్బులో చాలా భాగం వెనక్కి రాలేదు. క్లబ్బు స్వచ్ఛంద సంస్థ కాదు, నిజమే. కానీ నేర్చుకోవాల్సింది అందరికీ ఒకటే: జరిగిన పనిని ఇంజనీరు కొలిచి ధ్రువీకరించాకే ఆ మేరకు చెల్లించాలి.

గ్యారంటీ చూడ్డానికి అందంగా ఉంటుంది. ఖజానా నుంచి ఈరోజు పైసా కదలదు. సంస్థ చేతులెత్తేసిన రోజు మాత్రం మొత్తం ఒక్కసారిగా మీద పడుతుంది, ఆ ఏడాది బడ్జెట్‌లో దానికి చోటుండదు. పైగా చాలా చోట్ల చట్టమే ఒప్పుకోదు. అమెరికాలోని వాషింగ్టన్ రాష్ట్ర రాజ్యాంగం 8వ అధికరణం 7వ సెక్షన్ కింద, పేదలు, అశక్తుల అవసర పోషణకు తప్ప, నగరాలూ కౌంటీలూ ప్రైవేటు సంఘాలకు డబ్బివ్వకూడదు, అప్పుకు పూచీ పడకూడదు. గ్యారంటీ అడిగే ముందు లాయరును కలవడం మంచిది.

అమెరికాలో ఇంకో దారి కూడా ఉంది. ప్రభుత్వ సంస్థ పేరిట పన్ను మినహాయింపు బాండ్లు, అంటే కొన్నవాళ్లకు వచ్చే వడ్డీ మీద పన్ను పడని రుణపత్రాలు జారీ చేసి, ఆ డబ్బు ఆసుపత్రికో కాలేజీకో అప్పుగా అందిస్తారు. తీర్చే బాధ్యత మామూలుగా అప్పు తీసుకున్న సంస్థదే, ప్రభుత్వానిది కాదు. వడ్డీ తక్కువ. అయితే లాయర్లు, జారీ ఖర్చులు కలిపితే చిన్న పనికి గిట్టదు. పైకప్పు మరమ్మతుకు ఇది దండగ.

నన్నడిగితే, ఆదాయం లేని భవనాలకు షరతు మీద మాఫీ అయ్యే అప్పు మేలు. సంస్థ అనుకున్న సేవ కొనసాగించినంత కాలం ఏటా కొంత రద్దవుతూ పోతుంది, మధ్యలో భవనం అమ్మితే మిగిలింది కట్టాలి. ప్రజాధనానికి కాపలా ఉంటుంది, సంస్థకు వాయిదాల టెన్షన్ ఉండదు. షరతు మాత్రం రిజిస్ట్రేషన్ పత్రాల్లోకి ఎక్కాలి. ఒప్పందంలో మాత్రమే ఉంటే, భవనం కొన్నవాడు నాకేం తెలుసు అంటాడు.