బైరాగిపట్టెడ మసాజ్ సెంటర్: ప్యాకేజీ అంటగట్టడు, అయినా మళ్ళీ పోతాం

తిరుపతిలో సగం అంగళ్ళు ఒకే లెక్క మీద నడుస్తాయి, వచ్చినోడు రేపు రైలెక్కి పోతాడు, మళ్ళీ మన మొహం చూస్తాడా ఏంది అని. నాది గాంధీ రోడ్డులో పాత్రల అంగడి, కాబట్టి ఈ లెక్క నాకు ఎవురూ చెప్పక్కర్లేదు. బైరాగిపట్టెడలో ఈ మసాజ్ చేసే అన్న మాత్రం దానికి పూర్తిగా రివర్సు, ఆయన వ్యాపారమంతా మళ్ళీ మళ్ళీ వచ్చేవాళ్ళ మీదనే నడస్తా ఉండాది, బయట సరిగ్గా బోర్డు గూడా లేదు.

రోజంతా నిలబడి నడుము పట్టేస్తా ఉంటే మా మామ చెప్పి పంపించినాడు. పోయిన వెంటనే పడుకోబెట్టి నూనె పోసేయడు, ముందు కూర్చోబెట్టి అడుగుతాడు, బీపీ ఉందా, షుగర్ ఉందా, ఆపరేషన్లేమైనా అయినాయా, కాళ్ళల్లో నరాలు ఉబ్బినాయా, ఎప్పుడు తిన్నావు అని. కడుపునిండా తినొచ్చినోళ్ళని గంట ఆగమంటాడు. ఒకసారి నా ముందరే ఒకాయన రాత్రంతా బస్సులో కూర్చోని వచ్చినాడు, ఒక్క కాలి పిక్క మాత్రం వాచి ఎర్రగా వేడిగా ఉంది, బాగా పిసకండి సార్ అంటే ఈయన చెయ్యే పెట్టలేదు. రక్తం గడ్డ కట్టుంటే పిసికితే అది కదిలి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, ముందు రుయా ఆసుపత్రికి పో అని ఆటో ఎక్కించి పంపించినాడు. డబ్బులు పోయినాయి కదా అనుకుంటాం గానీ ఆ మాట విన్న నలుగురం ఇంగ వేరే చోటికి పోతామా?

యాత్రికులతో గూడా అంతే. అలిపిరి దారిలో 3550 మెట్లు, ఎక్కొచ్చినోళ్ళు కుంటుకుంటా వస్తారు, గట్టిగా నొక్కన్నా అంటారు. నొక్కడు. ఎక్కితే పిక్కలు పడతాయి, నడిచే దిగితే తొడల ముందు భాగం ఇంకా ఘోరంగా పడుతుంది, దిగేటప్పుడు కండ సాగుతానే మన బరువంతా ఆపాల కదా, ఆ నొప్పి అదే రోజు పూర్తిగా తెలీదు, మర్నాడు ఆ మర్నాడు ముదురుతుంది, ఇప్పుడే బలంగా పిసికితే రేపు ఇంకా ఎక్కువైతాది అని చెప్పి తేలిగ్గా రుద్ది పంపిస్తాడు. మోకాళ్ళ పర్వతం దాటొచ్చినోళ్ళకి ఈ పాఠం ఎక్కదు, అది వేరే విషయం. కానీ రెండో రోజు ఆయన చెప్పినట్టే అయినప్పుడు గుర్తొస్తాడు. తమిళుల పురటాసి నెలలో నడిచొచ్చే చెన్నై వాళ్ళు కొందరు బయల్దేరక ముందే ఫోన్ చేసి టైం పెట్టుకుంటారంట.

అసలు కిటుకు నోటుబుక్కులో ఉండాది. ఒక్కొక్కరికి ఒక పేజీ, కుడి పక్క నడుము, మెడ మీద గట్టిగా వద్దు, నువ్వుల నూనె చాలు, ఇట్లా. రెండోసారి పోతే ఏం చెప్పకుండానే నేరుగా నొప్పి దగ్గరికి పోయింది చెయ్యి. అంతకుముందు వేరే ఒక సెంటర్‌లో పది సిట్టింగులకి ముందే డబ్బు కట్టించుకోని, పోయినప్పుడల్లా కొత్త పిల్లోడిని పంపేవాళ్ళు, ప్రతిసారీ నా నడుము కథ మొదట్నుంచి చెప్పుకోవాల, పైన టిప్పు వేరే. ఇక్కడ ప్యాకేజీ అనే మాటే లేదు. మొదట్లో ప్రెషర్ చాలా అని ఒకసారి అడుగుతాడు, ఇంగ మనం మాట్లాడితేనే మాట్లాడతాడు, ఫోన్ పక్క రూంలో పెట్టేస్తాడు. మర్నాడు నొప్పి ఎట్లుందని వాట్సాప్‌లో ఒక్క మెసేజ్. (పండగలకి మాత్రం గుడ్ మార్నింగ్ బొమ్మలు గూడా వస్తాయి, అవి భరించాల్సిందే.)

నడుముకి రెండు ఎక్సర్‌సైజులు గూడా నేర్పించినాడు. ఇవి రోజూ చెయ్యి, తగ్గితే రావద్దు, నెల తర్వాత పట్టేస్తే అప్పుడు రా అన్నాడు. ఇట్లా చెప్తే నీకు గిరాకీ ఎట్లన్నా అని అడిగితే నవ్వి, తగ్గినోడు ఇంకొకడిని పంపిస్తాడులే అన్నాడు. నేనైతే మా వీధిలో ముగ్గురిని పంపించినా. మోకాలు అరిగినోళ్ళకి గూడా ముందే చెప్పేస్తాడు, దీంతో అరిగింది పూడదు, కొన్నాళ్ళు హాయిగా ఉంటాది అంతే అని. నాకు గూడా నొప్పి పూర్తిగా పోలేదు, నిలబడేది మాననంతవరకు పోదు.

మైనస్‌లు లేవా అంటే ఉన్నాయి. మేడ మీద, మెట్లు నిటారుగా ఉంటాయి, కాళ్ళ నొప్పులోళ్ళు వచ్చే చోటు అట్లుంటే ఎట్లా అని ఆయనకే చెప్పినా. బండి పెట్టుకునే జాగా లేదు. గీజర్ చిన్నది, మీ ముందు ఎవురైనా స్నానం చేసుంటే నూనె వదిలించుకోను సున్నిపిండి ఉన్నా వేడినీళ్ళు ఉండవు, నేను ఇంటికొచ్చే స్నానం చేస్తా. టవల్ మాత్రం ప్రతిసారీ ఉతికిందే ఇస్తాడు.

కాళ్ళ వరకే అయితే 500, ఒళ్ళంతా గంట చేస్తే 1200. ఆడవాళ్ళకి వాళ్ళావిడ వేరే రూంలో చేస్తుంది, పొద్దున పూట మాత్రమే. బ్రహ్మోత్సవాలప్పుడు లోకల్ వాళ్ళకి టైం దొరకదు, కొంచెం ముందే ఫోన్ చేసి పెట్టుకోండి, మంగళవారం సెలవు.